తెల్లవారితే నీరా, పొద్దెక్కితే కల్లు

ఇటలీలో వెరోనా నగరానికి తూర్పున సొవావే అనే చిన్న ఊరుంది. ఆ ఊరి వెనుక కొండవాలుల మీద ద్రాక్షతోటలున్నాయి. అక్కడి ద్రాక్షరసంతో తయారయ్యే తెల్ల వైన్ అంత ఖరీదైనదేమీ కాదు. అక్కడి మామూలు కుటుంబాలు రాత్రి భోజనంలోకి కొనుక్కునే రకం. సీసాలో పోసి బిరడా బిగిస్తే ఏడాది, రెండేళ్ళు అలమరలో చెక్కుచెదరకుండా ఉంటుంది.

సూరత్ నగరం చుట్టుపట్ల చలికాలంలో ఖజూరీ చెట్ల నుంచి తీసే రసం సంగతి వేరు. ఖజూరీ అంటే మన ఈతచెట్టే. రాత్రంతా కుండలో చుక్క చుక్కగా పడిన రసాన్ని తెల్లవారుజామున దించుతారు. అప్పుడది నీరా. తేటగా, తియ్యగా ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే పొద్దెక్కేకొద్దీ నురగ కట్టి, పుల్లబడి, మత్తు కలిగించే కల్లుగా మారుతుంది.

ఆలోచిస్తే రెండూ మొక్కలు తయారుచేసిన చక్కెర నీళ్ళే. రెండింటిలోనూ చక్కెరను ఆల్కహాలుగా మార్చే ముఖ్యమైన జీవి ఈస్టే. మరి ఒకటి ఏళ్ళ తరబడి నిలుస్తుంటే, మరొకటి ఒక్క పూటైనా ఎందుకు నిలవదు? నిలబెట్టే దారి ఏదైనా ఉందా? ఈ ప్రశ్నలకు జవాబు కొంత రసాయన శాస్త్రంలో, కొంత సూక్ష్మజీవ శాస్త్రంలో ఉంది. ఆ జవాబు మీద వేలాది గీత కార్మికుల బతుకుతెరువు, లక్షలాది ప్రజల ఆరోగ్యం ఆధారపడి ఉన్నాయి.

ఒకే చెట్టు, రెండు చట్టాలు

సూరత్ నగరంలో తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున అమ్రోలి ఉంది. అమ్రోలి, లింబాయత్, ఉధ్నా వంటి పేటల్లో పవర్‌లూమ్ మగ్గాల చప్పుడు రాత్రింబవళ్ళు వినిపిస్తుంది. సూరత్ మగ్గాల మీద పనిచేసేవారిలో తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్ళిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. కల్లు వారికి కొత్త వస్తువు కాదు. తెలంగాణ పల్లెల్లో పండగకీ, పబ్బానికీ, చుట్టం వచ్చినా, చావు జరిగినా కల్లు ఉండవలసిందే. కాని గుజరాత్ రాష్ట్రంలో, అది 1960 మే 1న ఏర్పడినప్పటి నుంచీ, మద్యనిషేధం అమలులో ఉంది. దానికి ఆధారం 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం. ఆ చట్టం ప్రకారం అక్కడ కల్లు అమ్మడం నేరం. పులియని నీరాను మాత్రం ప్రభుత్వ అనుమతితో అమ్మవచ్చు. అందుకే చలికాలపు ఉదయాల్లో సూరత్ వాసులు నీరా కేంద్రాల దగ్గర నిలబడి గ్లాసుల కొద్దీ తాగుతారు. అదే రుతువులో వారు ఇష్టంగా తినే పోంక్ (మన ఊచబియ్యం) లాగానే నీరా కూడా అక్కడి చలికాలానికి గుర్తు.

ఈ చెట్టుకు సూరత్ జిల్లాలో ఒక చరిత్ర ఉంది. 1930లో ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో, తాగుడు మాన్పించేందుకు ఈ జిల్లాలోని ఖజూరీ చెట్లను నరికివేయమని గాంధీజీ పిలుపునిచ్చారు. ఎన్నో చెట్లు నేలకొరిగాయి. తరువాత 1934లో ఆయన ఆధ్వర్యంలోనే ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం తాటిబెల్లం తయారీని ప్రోత్సహించింది. కల్లు ఇస్తుందని ఏ జాతి చెట్టును నరికారో ఆ చెట్టే బెల్లం కూడా ఇవ్వగలదని గుర్తించారు. రసం చెట్టు నుంచి బయటికి వచ్చిన తరువాతి కొన్ని గంటల్లో ఏం జరుగుతుందన్నదే అసలు విషయం.

చెట్టులో తీపి ఎక్కడిది?

ఆకులు సూర్యరశ్మి సాయంతో చక్కెరను తయారుచేస్తాయని మీరు చదువుకున్నారు. ఆ చక్కెర ముఖ్యంగా సుక్రోజ్ రూపంలో నీటిలో కరిగి, పోషక కణజాలం ద్వారా చెట్టులో పెరిగే భాగాలకు ప్రవహిస్తుంది. మనం టీలో వేసుకునే పంచదార కూడా సుక్రోజే. పూతకు, కాయకు, కొత్త మొవ్వకు ఈ ఆహారం ఎక్కువగా కావాలి. గీత పని అంటే ఈ ప్రవాహానికి దారిలో గండి కొట్టడమే.

తాటిచెట్టుకు పూల గెల చివరను రోజూ పల్చగా చెక్కుతారు. ఈతచెట్టుకు మొవ్వ కింద ఒక వైపు మట్టలు తొలగించి, కాండాన్ని చెక్కి, రసం జారడానికి గాడి పెడతారు. మోకు, ముస్తాదు ఆసరాగా చెట్టెక్కిన గీత కార్మికుడు అక్కడ లొట్టి కట్టి దిగుతాడు. మర్నాడు మళ్ళీ ఎక్కి పాత గాయం మీద కొత్త చెక్కు తీస్తాడు. అలా తీయకపోతే గాయం మూసుకుపోయి రసం ఆగిపోతుంది. ఇంత చేస్తేనే పూటపూటకూ రసం దొరుకుతుంది. ఈ పనిలో కాలు జారితే ప్రాణానికే ముప్పు.

లీటరు తాజా నీరాలో సుమారు 100 నుంచి 140 గ్రాముల సుక్రోజ్ ఉంటుంది. కొద్దిగా మాంసకృత్తుల భాగాలు, ఖనిజ లవణాలు, విటమిన్లు కూడా ఉంటాయి. దాని పి.హెచ్. విలువ 7 దరిదాపుల్లో ఉంటుంది. అంటే ఆమ్లమూ కాదు, క్షారమూ కాదు. తీపి, నీరు, కాసిన్ని పోషకాలు, తటస్థమైన ద్రవం. సూక్ష్మజీవులకు ఇంతకు మించిన విందు ఉండదు.

లొట్టిలో రాత్రంతా జరిగే పని

చెట్టు లోపల ప్రవహించేటప్పుడు రసంలో సూక్ష్మజీవులు దాదాపు ఉండవు. బయటికి వచ్చిన క్షణం నుంచి అవి చేరతాయి. చెక్కిన కత్తి మీద, గాయం మీద, నిన్నటి లొట్టి గోడల రంధ్రాల్లో, తీపికి మూగే ఈగల కాళ్ళ మీద అవి సిద్ధంగా ఉంటాయి.

చిన్న లెక్క వేద్దాం. ఒక ఈస్టు కణం వెచ్చని రసంలో గంటన్నరకు ఒకసారి రెండవుతుందనుకుందాం. సాయంత్రం 6 గంటలకు కట్టిన లొట్టిని ఉదయం 6 గంటలకు దించితే, ఆ 12 గంటల్లో అది 8 సార్లు రెట్టింపవుతుంది. అంటే ఒక కణం 256 కణాలవుతుంది. చలి వల్ల రెట్టింపు కావడానికి 6 గంటలు పట్టిందనుకోండి, అదే 12 గంటల్లో 4 కణాలే అవుతాయి. చలికాలపు నీరా ఎందుకు తేటగా, తియ్యగా ఉంటుందో ఈ లెక్కే చెబుతుంది.

కల్లు తయారయ్యే పని ఒక్క ఈస్టుతో జరిగేది కాదు. మొదట లాక్టిక్ ఆమ్లాన్ని తయారుచేసే బాక్టీరియా విజృంభిస్తాయి. పాలను పెరుగుగా మార్చేవాటికి ఇవి దగ్గరి బంధువులు. వీటి వల్ల రసం పులుపెక్కి, పి.హెచ్. పడిపోవడం మొదలవుతుంది. వీటిలో లుకోనాస్టాక్ అనే రకం సుక్రోజ్ నుంచి డెక్స్‌ట్రాన్ అనే జిగురు పదార్థాన్ని తయారుచేస్తుంది. నిలవ ఉన్న రసం కొన్నిసార్లు తీగలు సాగడానికి ఇదే కారణం.

తరువాతి వంతు ఈస్టుది. దాని శాస్త్రీయ నామం శాకరోమైసిస్ సెరివిసియే. రొట్టెలు పొంగించేదీ, ద్రాక్షరసాన్ని వైన్‌గా మార్చేదీ ఇదే. ఇన్వర్టేజ్ అనే ఎంజైముతో అది సుక్రోజ్‌ను గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలుగా విడగొడుతుంది. తరువాత ఒక్కొక్క చక్కెర అణువు నుంచి రెండు ఇథైల్ ఆల్కహాల్ అణువులు, రెండు కార్బన్ డై ఆక్సైడ్ అణువులు ఏర్పడతాయి. కల్లు మీద కనిపించే నురగ ఈ వాయువుదే. కల్లులో ఈస్టుకు తోడుగా జైమోమోనాస్ అనే బాక్టీరియా కూడా ఆల్కహాలును తయారుచేస్తుంది.

చివరగా ఎసిటిక్ ఆమ్ల బాక్టీరియా వస్తాయి. ఇవి గాలిలోని ఆక్సిజన్‌ను వాడుకొని ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా, అంటే వినెగర్‌గా మారుస్తాయి. కల్లు రెండో రోజుకు నోట పెట్టలేనంత పుల్లగా తయారవడం వీటి పనే.

ఎంత చక్కెరకు ఎంత ఆల్కహాలు వస్తుందో మీరే లెక్కగట్టవచ్చు. 342 గ్రాముల సుక్రోజ్ పూర్తిగా పులిస్తే 184 గ్రాముల ఇథైల్ ఆల్కహాల్ రావాలి. లీటరులో 120 గ్రాముల సుక్రోజ్ ఉన్న నీరా నుంచి సుమారు 65 గ్రాములు రావాలి. ఘనపరిమాణంలో చెబితే 8 శాతం పైచిలుకు. కాని కల్లులో సాధారణంగా 4 నుంచి 6 శాతమే ఉంటుంది. మిగిలిన చక్కెరలో కొంత లాక్టిక్ బాక్టీరియా తినేస్తాయి. కొంత పులియకుండానే మిగులుతుంది. ఏర్పడిన ఆల్కహాలులో కొంత ఎసిటిక్ ఆమ్లమైపోతుంది.

పాశ్చర్ చూపిన దారి

ఇదంతా జీవుల పని అని 19వ శతాబ్దం నడిమి దాకా అందరూ ఒప్పుకోలేదు. పులియడం వట్టి రసాయన చర్య అని నమ్మిన పెద్ద శాస్త్రజ్ఞులున్నారు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1857లో లాక్టిక్ ఆమ్లం మీద, 1860లో ఆల్కహాలు మీద ప్రచురించిన పరిశోధనలతో, ఒక్కొక్క రకం పులుపుకు ఒక్కొక్క రకం సూక్ష్మజీవి కారణమని చూపాడు. వైన్ పాడైపోవడం గురించి ఆయన రాసిన గ్రంథం 1866లో వెలువడింది. వైన్‌ను కొద్దిసేపు 50 నుంచి 60 డిగ్రీల సెంటీగ్రేడ్ వరకు వేడిచేస్తే దాన్ని పాడుచేసే జీవులు చస్తాయని ఆయన కనుగొన్నాడు. నేడు పాలకు వాడే పాశ్చరైజేషన్ పద్ధతికి మూలం అదే.

కథ అక్కడితో ఆగలేదు. 1897లో జర్మనీకి చెందిన ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టు కణాలను నూరి, రసం పిండి, ఆ నిర్జీవ రసం కూడా చక్కెరను పులియబెడుతుందని చూపాడు. దానితో ఎంజైముల రసాయన శాస్త్రం మొదలైంది. ఆయనకు 1907లో నోబెల్ బహుమతి వచ్చింది. పాశ్చర్‌తో వాదించినవారి మాటలోనూ కొంత నిజం ఉందని ఈ విధంగా తేలింది. చర్య రసాయనికమే, దాన్ని జరిపే పనిముట్లను తయారుచేసేది మాత్రం జీవకణం.

కొండవాలు చేసే మేలు

ఇప్పుడు సొవావే కొండలకు వెళదాం. ఆ ఊరు 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంది. ద్రాక్ష పండే సెప్టెంబరు మూడో వారంలో అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు ఆకాశంలో 45 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చదునైన నేల మీద ఆ ఎండ ఏటవాలుగా పరుచుకుంటుంది. దక్షిణానికి 15 డిగ్రీలు వాలిన కొండ మీద అదే ఎండ మరింత నిటారుగా పడుతుంది. త్రికోణమితి తెలిసినవారు లెక్కచూడండి. సైన్ 60 విలువను సైన్ 45 విలువతో భాగిస్తే 1.22 వస్తుంది. అంటే ఒక్కొక్క చదరపు మీటరుకు 22 శాతం ఎక్కువ ఎండ. చల్లని దేశంలో ద్రాక్షకు తీపి పట్టడానికి ఇది పెద్ద ఆసరా.

వాలు మీద వాననీరు నిలవదు. వేర్లు కుళ్ళవు. అక్కడి నేల కొంత అగ్నిపర్వత శిల నుంచి, కొంత సున్నపురాయి నుంచి ఏర్పడింది. రాత్రిపూట బరువైన చల్లగాలి వాలు వెంట కిందికి జారిపోతుంది కనుక మంచు దెబ్బ తక్కువ. పగలు ఎండ, రాత్రి చల్లదనం ఉన్నచోట పండిన ద్రాక్షలో తీపితో పాటు పులుపు కూడా మిగులుతుంది. వేడి ప్రాంతాల్లో ద్రాక్షలోని మాలిక్ ఆమ్లం త్వరగా తరిగిపోతుంది. హైదరాబాద్ చుట్టుపట్ల ఒకప్పుడు పందిళ్ళ మీద విరివిగా పండిన అనాబ్-ఎ-షాహి తినడానికి పేరు తెచ్చుకున్న ద్రాక్ష. సొవావేలో గార్గానేగా అనే రకాన్ని సంప్రదాయంగా పందిళ్ళ మీదే పెంచుతారు. పంట పద్ధతి ఒకలాంటిదే అయినా వాతావరణం వేరు, వాడుక వేరు.

ఈ పులుపే వైన్‌కు మొదటి కాపలా. ద్రాక్షలోని ముఖ్యమైన ఆమ్లం టార్టారిక్ ఆమ్లం. పండ్లలో ఇది అరుదు. మన చింతపండు పులుపు కూడా ముఖ్యంగా దీనిదే. దీనివల్ల ద్రాక్షరసం పి.హెచ్. 3 నుంచి 3.4 వరకు ఉంటుంది. అంత పులుపులో బాక్టీరియాలో చాలా రకాలు బతకలేవు. ఈస్టుకు మాత్రం ఇబ్బంది లేదు. కనుక ద్రాక్షరసంలో ఈస్టుకు పోటీ తక్కువ. లీటరుకు సుమారు 200 గ్రాముల చక్కెర పులిసి 12 శాతం దరిదాపుల్లో ఆల్కహాలు ఏర్పడుతుంది. ఆ ఆల్కహాలు రెండో కాపలా.

తెల్ల వైన్‌కు కాయలను పిండగానే తొక్కలు వేరుచేస్తారు. తేరిన రసాన్ని స్టీలు తొట్లలో 15 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో మెల్లగా పులియనిస్తారు. ఎర్ర వైన్ లాగా ఖరీదైన కొయ్యపీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచనక్కరలేదు. కొన్ని నెలల్లోనే అమ్మకానికి వస్తుంది. ధర తక్కువగా ఉండడానికి ఇదొక కారణం. మరొక కారణం సహకారం. సొవావేలో చిన్న చిన్న తోటలున్న రైతులు తమ ద్రాక్షను ఉమ్మడి గానుగకు తోలుతారు. 1898లో స్థాపించిన అక్కడి సహకార సంఘం నేటికీ పనిచేస్తోంది. ఒంటరి రైతు కొనలేని చల్లార్చే యంత్రాలను, ప్రయోగశాలను సంఘం కొనగలదు. ఈ కొండతోటల పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2018లో ప్రపంచ వ్యవసాయ వారసత్వాల జాబితాలో చేర్చింది.

పి.హెచ్. మెట్ల మీద రెండు కొసలు

వైన్‌కు మూడో కాపలా గంధకపు పొగ, అంటే సల్ఫర్ డై ఆక్సైడ్. దీన్ని అతి కొద్దిగా కలుపుతారు. తియ్యదనం లేని తెల్ల వైన్‌లో ఇది లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదని ఐరోపా నిబంధన. నాలుగోది బిగించిన బిరడా. గాలి తగలకపోతే ఎసిటిక్ బాక్టీరియా పనిచేయలేవు. సీసా తెరిచి వదిలేస్తే వైన్ కూడా కల్లు లాగానే వినెగర్ అవుతుంది. ఫ్రెంచి భాషలో వినెగర్ అన్న మాటకు అర్థమే పులిసిన వైన్.

ఇదే గంధకాన్ని నీరాలో కలిపితే సరిపోదా అని మీరడగవచ్చు. సరిపోదు. సల్ఫర్ డై ఆక్సైడ్ నీటిలో కరిగినప్పుడు కొంత అణు రూపంలో, కొంత అయానుల రూపంలో ఉంటుంది. సూక్ష్మజీవి కణంలోకి చొరబడి చంపేది అణు రూపమే. వైన్‌లోని 3.2 పి.హెచ్. దగ్గర, రసంలో విడిగా ఉన్న గంధకంలో సుమారు 4 శాతం అణు రూపంలో ఉంటుంది. నీరాలోని 7 పి.హెచ్. దగ్గర పది లక్షల్లో ఏ కొద్ది పాళ్ళో మిగులుతుంది. మందు అదే అయినా పనిచేయదు.

అందుకే మన దేశంలో నీరా తీసేవారు అవతలి కొసను పట్టుకున్నారు. లొట్టి లోపలి గోడకు సున్నం పూస్తారు. సున్నం క్షారం. సున్నపు తేట పి.హెచ్. 12 పైనే ఉంటుంది. చుక్క చుక్కగా పడే రసంలో అది కరిగి పి.హెచ్.ను పైకి లాగుతుంది. అంత క్షారంలో ఈస్టూ పెరగదు, లాక్టిక్ బాక్టీరియా కూడా పెరగవు. బెల్లం వండేవారికి దీనివల్ల ఇంకో లాభం ఉంది. రసం పులుపెక్కితే సుక్రోజ్ విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఏర్పడతాయి. అప్పుడు బెల్లం సరిగా గడ్డకట్టదు. సున్నం ఆ పులుపును అడ్డుకుంటుంది. ఇంతకుముందు చెప్పుకున్న లెక్క ప్రకారం కిలో తాటిబెల్లానికి సుమారు 8 లీటర్ల నీరా కావాలి. అది పులిసిపోతే నష్టం చిన్నది కాదు.

ద్రాక్ష ఆమ్లం వైపు నిలబడి బతుకుతుంది, నీరాను క్షారం వైపు నిలబెట్టి బతికిస్తారు. మధ్యలో ఉన్నదంతా సూక్ష్మజీవుల రాజ్యం.

సున్నానికి రెండు చిక్కులున్నాయి. తాంబూలం వేసుకునేవారికి తెలుసు, సున్నం ఎక్కువైతే నోరు పొక్కుతుంది. కనుక తాగే నీరాలో సున్నాన్ని తేర్చి, వడగట్టి, మిగిలినదాన్ని తగిన ఆమ్లంతో తటస్థం చేయాలి. రెండోది, సున్నం తరిగిపోయే వస్తువు. ఏ కాస్త పులిసినా పుట్టే ఆమ్లం, కార్బన్ డై ఆక్సైడ్ దాన్ని తినేస్తాయి. కొంతసేపటికి కాపలా బలహీనపడుతుంది.

చలి అనే కాపలా

మరొక దారి చల్లదనం. సూరత్‌లో జనవరి రాత్రులు 15 డిగ్రీల దరిదాపుల్లోకి దిగుతాయి. ఆ కొద్దిపాటి చలే ఖజూరీ నీరాను తెల్లవారేదాకా కాపాడుతుంది. వేసవి తాటి రసానికి ఆ అదృష్టం లేదు.

కాసరగోడ్‌లోని కేంద్ర తోటపంటల పరిశోధన సంస్థ కొబ్బరి నీరా కోసం ఈ సూత్రాన్నే వాడింది. చెట్టు మీద కుండకు బదులు మంచుగడ్డలు నింపిన పెట్టెను కట్టి, మూసిన సంచిలోకి రసం పట్టే ఏర్పాటు చేసింది. సున్నం లేకుండా దొరికే ఆ రసానికి కల్పరస అని పేరు పెట్టారు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ కూడా నీరా నిలవ మీద పనిచేసింది. హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున తెలంగాణ ప్రభుత్వం నిర్మించిన నీరా కేఫ్ 2023లో ప్రారంభమైంది.

అయితే చెట్టు దగ్గర మంచు పెడితే చాలదు. చెట్టు నుంచి దుకాణం దాకా దారి పొడవునా 4 డిగ్రీల చల్లదనం తెగకుండా ఉండాలి. మధ్యలో ఒక గంట తెగినా, ఆగిన రెట్టింపుల లెక్క మళ్ళీ మొదలవుతుంది. వేడిచేసి నిలవ చేయవచ్చు గాని తాజా వాసన, రుచి కొంత పోతాయి. ఇవన్నీ ఒంటరి గీత కార్మికుడికి అందే ఖర్చులు కావు. సొవావే రైతులకు ఉమ్మడి గానుగ ఉన్నట్లు మన గీత పనివారల సహకార సంఘాలకు ఉమ్మడి శీతల సదుపాయం ఉంటే నీరా మార్గం సుగమమవుతుంది.

గబ్బిలాల సంగతి

పచ్చి నీరా విషయంలో మరవరాని జాగ్రత్త ఒకటుంది. బంగ్లాదేశ్‌లో 2001 నుంచి నిపా అనే వైరస్ వ్యాధి తరచు చలికాలంలో తలెత్తుతోంది. పరిశోధకులు ఆరా తీస్తే రోగుల్లో చాలామంది పచ్చి ఈత రసం తాగినవారని తేలింది. రాత్రిపూట పనిచేసే కెమెరాలు పెట్టి చూస్తే, పండ్లు తినే పెద్ద గబ్బిలాలు చెక్కిన గాయాన్ని నాకుతూ, కుండల్లో మూత్రం విసర్జిస్తూ కనిపించాయి. ఈ వైరస్‌ను మోసేవి ఆ గబ్బిలాలే. వ్యాధి సోకినవారిలో 40 నుంచి 75 శాతం మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఈ జాతి గబ్బిలాలు మన దేశంలోనూ ఉన్నాయి. నివారణ కష్టమేమీ కాదు. గాయాన్నీ, కుండ మూతినీ కలిపి వెదురు తడికతో గాని, వలతో గాని గబ్బిలం అందుకోకుండా కప్పాలి. రసాన్ని మరిగించి బెల్లంగా వండితే వైరస్ నశిస్తుంది. మూత లేని కుండలో పట్టిన రసం ఎంత తాజాగా కనిపించినా పచ్చిగా తాగకపోవడం మంచిది.

కల్తీలో ఉన్న విషం

నీరాను కాపాడుకోలేకపోవడానికి, కల్తీ కల్లుకు సంబంధం ఉంది. పట్నాల్లో గిరాకీ ఎక్కువ, చెట్లు తక్కువ. నిజమైన కల్లు పూట దాటితే పుల్లబడుతుంది. ఆ లోటు పూడ్చడానికి నీళ్ళలో తీపి కలిపి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మందులు కలిపే దురాచారం తెలంగాణలో ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఇవి నిద్ర మందులు, ఆందోళన తగ్గించే మందులు. డాక్టరు సలహా లేకుండా వాడరానివి. మెదడు పనిని మందగింపజేయడంలో ఆల్కహాలుకూ వీటికీ పొత్తు కుదురుతుంది. రెండూ కలిస్తే శ్వాస ఆగిపోయే ప్రమాదముంది. అలవాటుపడినవారికి ఒక్కసారిగా దొరక్కపోతే ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి, మాట తడబడుతుంది. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు.

కల్తీ లేని కల్లయినా, కొండవాలు వైన్ అయినా, అందులో ఉన్నది ఇథైల్ ఆల్కహాలే. మద్య పానీయాలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మానవులకు క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. నీరాలో ఆల్కహాలు లేకపోయినా చక్కెర ఉంది. ఒక గ్లాసులో ఐదారు చెంచాల పంచదార ఉంటుందని మధుమేహం ఉన్నవారు గుర్తుంచుకోవాలి.

చేసి చూడండి

మూడు ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు తీసుకోండి. ఒక్కొక్క దానిలో గ్లాసు గోరువెచ్చని నీరు, రెండు చెంచాల పంచదార వేసి కరిగించండి. మొదటి రెండు సీసాల్లో బేకరీలో దొరికే ఈస్టు అర చెంచా చొప్పున కలపండి. మూడో దానిలో అంతే ఈస్టును కొద్ది నీటిలో బాగా మరిగించి, చల్లారాక కలపండి. సీసాల మూతులకు బెలూన్లు తొడగండి. మొదటి, మూడో సీసాలను గదిలో ఉంచి, రెండో దాన్ని ఫ్రిజ్‌లో పెట్టండి. గంటకొకసారి చూసి బెలూన్ల పరిమాణం రాసుకోండి. మొదటిది ఉబ్బుతుంది. రెండోది చాలా నెమ్మదిగా ఉబ్బుతుంది. మూడోది ఉబ్బదు. రెండో సీసాను బయటపెడితే ఏమవుతుందో ముందే ఊహించి రాసుకొని, తరువాత పరీక్షించండి. సీసాలకు మూతలు బిగించవద్దు, వాయువు ఒత్తిడికి పగలవచ్చు. ఆ ద్రవాన్ని రుచి చూడవద్దు.

సూరత్‌లో మన ముంజలను గలేలీ అంటారు, ఈతను ఖజూరీ అంటారు. పేర్లు వేరైనా చెట్లు అవే, గీత పనిలోని కష్టమూ అదే. రసం దించిన తరువాతి పన్నెండు గంటలను చల్లదనంతో, శుభ్రతతో, సరైన పి.హెచ్.తో అదుపులో పెట్టుకోగలిగితే ఆ కష్టానికి తియ్యని ఫలితం దక్కుతుంది. పెట్టుకోలేకపోతే ఆ రసం పుల్లబడి పారబోతకు పోతుంది, దాని స్థానంలో మందు కలిపిన నీళ్ళు దుకాణానికి వస్తాయి. ఆహార శాస్త్రం, సూక్ష్మజీవ శాస్త్రం చదవబోయే విద్యార్థులకు ఇక్కడ చేయదగిన పని చాలా మిగిలి ఉంది. చెట్టు మీద అమర్చే చౌక చల్లని పెట్టె, కల్తీని క్షణాల్లో పట్టిచ్చే కాగితపు పరీక్ష, రుచి చెడకుండా నిలవచేసే పద్ధతి, ఇవన్నీ మీ ప్రయోగశాలల నుంచే రావాలి.